పేరు మార్చి రన్ చేయండి

సెప్టెంబర్ 8, సోమవారం

ఆరేళ్ల పిల్లకు ఎంత గుర్తుంటుంది?

ఈ ప్రశ్న నాతో ఎన్నేళ్లుగా ఉందంటే, జవాబు కావాలని కూడా ఇప్పుడు అనిపించదు. మోకాలి నొప్పిలా ఉంటుంది. మెట్లెక్కినప్పుడు తెలుస్తుంది. ఇవాళ మెట్లెక్కాను.

ఫస్టియర్ కొత్త బ్యాచ్. అటెండెన్స్ పిలుస్తూ పోతుంటే బమ్మిడి అశ్విని వచ్చింది. నోరు ఆగలేదు, పిలిచేశాను. రెండో వరుసలో కిటికీ పక్కన పిల్ల లేచి "ప్రెజెంట్ మేడం" అంది. జడ పొడుగ్గా ఉంది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ అలాగే ఉంది. మా వంటింటి గడప తగిలిన మచ్చ అది.

నా మరిది ఢిల్లీబాబు రెండో కూతురు. నాలుగు నెలల గుడ్డుగా మా ఇంటికి వచ్చింది. మాకు పిల్లలు లేరు. వాళ్లమ్మ వరహాలుకు పెద్దది ఇంకా నడవడమే లేదు, మళ్లీ కాన్పు, ఒంట్లో రక్తం లేదు. మా అత్తగారే తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కాగితాలేమీ లేవు. అన్నదమ్ముల ఇళ్ల మధ్య పిల్లలు తిరగడానికి కాగితాలెందుకు? అలా వచ్చింది గనక అలాగే వెళ్లింది. దానికి ఆరేళ్లప్పుడు, మా ఆయన ఉమామహేష్ పోయాక, కర్మలన్నీ అయిన మర్నాడు, "నాలుగు రోజులు ఊళ్లో ఉంటాది వదినా" అని తీసుకెళ్లారు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు.

నేను పెట్టిన పేరు భాగ్యశ్రీ. ఆ పేరు ఇంటికి అచ్చిరాలేదని, మగమనిషి పోయాడని, ఊళ్లో బడిలో వేసేటప్పుడు అశ్విని అని రాయించారు.

తర్వాత పెళ్లిళ్లలో చూశాను. "పెద్దమ్మకి నమస్కారం పెట్టు" అని ఎవరో ముందుకు తోస్తే పెట్టేది. పెట్టి వెళ్లిపోయేది.

సెప్టెంబర్ 9

ఇవాళ కూడా మేడం అంది. మరేమంటుంది? అందరూ అదే అంటారు.

సెప్టెంబర్ 11, గురువారం

ఇరవై ఏళ్లుగా లెక్కలు చెప్పాను. లెక్కల్లో చేరేవాళ్లు తగ్గిపోయారని ఈ ఏడాది నన్ను పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్పమన్నారు. వేసవంతా వీడియోలు చూసి నేర్చుకున్నాను. పిల్లలకంటే రెండు పాఠాలు ముందున్నాను, అంతే. వాళ్లకు ఈ విషయం తెలియకుండా చూసుకోవడమే నా ఉద్యోగం.

ఇవాళ స్ట్రింగ్స్ మొదలుపెట్టాను. కొటేషన్ల మధ్య పెట్టిన అక్షరాల వరస అని చెప్పాను. పవన్ అనే కుర్రాడు, వజ్రపుకొత్తూరు వైపు వాడు, "కొబ్బరి పీచుతో పేనీదా మేడం?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అశ్విని కూడా నవ్వింది. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అది మా ఇంటి అలవాటు కాదు.

సాయంత్రం మొదటి ప్రాక్టీస్ షీట్ తయారు చేశాను. పేరులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టాలి, అచ్చులెన్నో చెప్పాలి, పేరును వెనక నుంచి ముందుకు రాయాలి. ఉదాహరణకు ఏదో ఒక పేరు కావాలి కదా. భాగ్యశ్రీ అని పెట్టాను. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు, మూడు అచ్చులు, తిరగేస్తే ఏ అర్థమూ రాదు. పాఠానికి సరిపోయే పేరు. లక్ష్మి అని కూడా పెట్టవచ్చు, కానీ మరీ చిన్నదైపోతుంది.

కింద గట్టి అక్షరాలతో రాశాను: ఈ పేరు తీసేసి మీ పేరు పెట్టి రన్ చేయండి.

పాఠానికి సరిపోయే పేరు. అంతకంటే ఏమీ లేదు.

సెప్టెంబర్ 15, సోమవారం

ల్యాబు. షీట్లు పంచాను. ఆమె ముందు పెడుతున్నప్పుడు ముఖం చూడకూడదనుకున్నాను. చూడలేదు. చూసి ఉండాల్సిందేమో.

ఆఖరి అభ్యాసం పాఠ్యపుస్తకంలోది. పూర్తి పేరు తీసుకుని, ఖాళీ ఉన్నచోట విడగొట్టి, మొదటి ముక్కతో "హలో" చెప్పించాలి. పుస్తకం రాసినవాడికి మొదటి ముక్క మనిషి పేరు. మనకు ఇంటిపేరు. నేనూ ముందే ఆలోచించలేదు. పావుగంటలో ల్యాబంతా హలో బమ్మిడి, హలో పిలక, హలో తామాడ.

"మేడం, కంప్యూటర్ మా తాత మీద కేకేసినట్టు కేకేత్తంది" అన్నాడు పవన్.

"ఇది కంప్యూటరా, కరణంగారా?" అన్నాడు వెనక నుంచి రమేష్.

తప్పు నాదేనని ఒప్పుకుని, మొదటి ముక్క కాదు, ఆఖరి ముక్క తీసుకోమన్నాను. అందరూ దిద్దుతుండగా పవన్‌కు ఇంకో అనుమానం వచ్చింది. "అశ్వినీ, మేడంది కూడా బమ్మిడే కదేటి? మేడం నీకేటవుతారు?"

నా చేతిలో మౌస్ ఉంది. దాన్ని ఎటు కదపాలో తెలియలేదు.

"మా ఊళ్లో కుక్కపిల్లని రాయితో కొట్టినా ఏదో ఒక బమ్మిడోళ్లకే తగుల్తాది" అందామె, తెర మీంచి చూపు తిప్పకుండా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు చెప్పలేదన్న సంగతి పవన్ గమనించలేదు.

సెప్టెంబర్ 17

ఫైండ్ చెప్పాను. వెతికిన అక్షరం ఉంటే ఎక్కడుందో చెబుతుంది, లేకపోతే మైనస్ ఒకటి అంటుంది. "సున్నా అనొచ్చు కదా మేడం?" అని అడిగారు. సున్నా అంటే మొదటి స్థానం, అక్కడ ఉన్నట్టు లెక్క అని చెప్పాను. లేదు అని చెప్పడానికి వేరే అంకె కావాలి.

ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. మంచి పద్ధతి. మనుషులకు లేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఢిల్లీబాబు వచ్చాడు. బండి మీద గోనెసంచి, అందులో కొబ్బరికాయలు. గుమ్మంలోనే నిలబడ్డాడు. జుట్టు బాగా తెల్లబడింది. నవ్వితే అచ్చం ఉమామహేష్.

"బాగున్నావా వదినా?"

"లోపలికి రా బాబూ. గుమ్మంలో నించుంటే కొబ్బరికాయలమ్ముకునేవాడనుకుంటారు."

కూర్చున్నాడు. నాతోనే ఉండే మా అమ్మ కాఫీ ఇచ్చి అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. వెళ్లమని సైగ చేసినా వెళ్లలేదు.

చెప్పడానికి వచ్చింది చెప్పాడు. పిల్ల ఊళ్లో ఆరింటికి ముందే బస్సెక్కి, ఇక్కడ కాశీబుగ్గలో దిగి, మళ్లీ టెక్కలిలో కాలేజీకి బస్సు పట్టుకుంటోంది. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చాక నిలబడే చోటు కూడా దొరకడం లేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి చీకటి. "హాస్టల్ అంటే నాకు నమ్మకం లేదు వదినా. నీ కాడ ఉంచుకో. మూడేళ్లు. డిగ్రీ అయిపోతే సంబంధాలు సూత్తాం. నీకూ తోడుగా ఉంటాది."

ఈ మాట కోసం నేను ఎన్ని ఆదివారాలు గుమ్మం వైపు చూశానో ఎవరికి తెలుసు? నోట్లోంచి రావాల్సిన మాట ఒకటే. "ఆలోచిస్తాను" అన్నాను.

అతను ఆశ్చర్యపోయాడు. నేనూ ఆశ్చర్యపోయాను.

వెళ్లాక అమ్మ మొదలుపెట్టింది. "మంచి పని సేసినావు. ఒకసారి పెంచి ఇచ్చీసినావు. ఇంకోసారి పెంచి పెళ్లికి ముస్తాబు సేసి ఇచ్చీ. నువ్వేటైనా కోళ్లఫారమా?"

"నేను వద్దనలేదమ్మా."

"వద్దనవు. తెలుసు. ఆల్లకి ఇల్లు కావాల, నీకు పిల్ల కావాల. ఆ పిల్లకేటి కావాలో ఎవులైనా అడిగినారేటి?"

అమ్మ మాటల్లో ఎప్పుడూ ఒకటి ఎక్కువ ఉంటుంది. అదే తగులుతుంది.

సెప్టెంబర్ 22

వీధి వైపు గది సర్దాను. ఎలుకలు చేరుతున్నాయని. పాత పుస్తకాలు అటక మీద పెట్టించాను. కొత్త దోమతెర కొన్నాను. ఆ గదిలో దోమలెక్కువ, ఎప్పటికైనా కావాల్సిందే.

సెప్టెంబర్ 25, గురువారం

ల్యాబ్ మెషీన్లలో పిల్లలు దాచిన జవాబులు ఇవాళ చూశాను. అందరూ పేర్లు మార్చారు. పవన్ తన పేరు బదులు ఎవరో సినిమా హీరో పేరు పెట్టాడు, పోనీలే.

ఆమె మార్చలేదు. అక్షరాలెన్ని, తొమ్మిది. అచ్చులెన్ని, మూడు. తిరగేసి రాస్తే, నేను పెట్టిన పేరు తిరగబడి ఉంది. అన్నీ సరైన జవాబులే, షీట్‌లో ఉన్న పేరుకు.

మార్కు వేయాలి. మీ పేరు పెట్టి రన్ చేయండి అన్నాను. పెట్టలేదంటే తప్పు. పెట్టిందంటే?

పెట్టిందంటే.

ఫైల్ మూసేశాను. మళ్లీ తెరిచి చూశాను. స్టాఫ్ రూమ్‌లో ఫ్యాన్ శబ్దం తప్ప ఏమీ లేదు. ఎంతసేపు అలా కూర్చున్నానో, ప్యూను వచ్చి "బస్సు టైమైపోతంది మేడం" అన్నాడు.

బస్సులో నాకు రెండు సీట్ల ముందు తను ఉంది. జడ చూస్తూ కాశీబుగ్గ వరకూ వచ్చాను. ఈ పిల్లకు గుర్తుంది. గుర్తుంది. గుర్తుంది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

అడిగేశాను. క్లాసయ్యాక ల్యాబులో ఆగమన్నాను. "నీ షీట్‌లో పేరు మార్చలేదెందుకమ్మా?"

"మార్చినాను మేడం. అదే మారట్లేదు."

తెర మీద తన ప్రోగ్రాం తెరిచి చూపించింది. నిజమే. మిగతావాళ్లందరూ కొటేషన్ల మధ్య పేరు చెరిపేసి తమ పేరు టైపు చేశారు. ఈమె అలా చేయలేదు. వీడియో చూసి రాబోయే పాఠం నేర్చుకుని, రీప్లేస్ అనే కమాండ్ వాడింది. భాగ్యశ్రీ స్థానంలో అశ్విని పెట్టమని రాసింది.

"రీప్లేస్ రాసినాను. ఎర్రర్ కూడా రాలేదు. ప్రింటిత్తే మళ్లీ ఆ పేరే వత్తంది. మూడుసార్లు సూసినాను."

మొదట్లో అందరూ చేసే పొరపాటే. నేనూ వేసవిలో చేశాను. ఉపాధ్యాయురాలి గొంతు తెచ్చుకున్నాను. "స్ట్రింగ్ మారదమ్మా. ఒకసారి పుట్టిన స్ట్రింగ్‌ని ఏమీ చేయలేం. రీప్లేస్ కొత్తదాన్ని తయారు చేసి ఇస్తుంది. ఆ కొత్తదాన్ని నువ్వు అందుకుని ఒక పేరు కింద దాచుకోవాలి. నువ్వు అందుకోలేదు. అందుకే పాతదే కనిపిస్తోంది."

"మరి అందుకుంటే, పాతది ఎక్కడికి పోద్ది మేడం?"

"దాన్ని పట్టుకున్నవాళ్లెవరూ లేకపోతే మెషీనే తీసేస్తుంది."

"ఎవరైనా పట్టుకునుంటే?"

"ఉంటుంది."

ఆమె తల ఊపింది. నోట్సులో రాసుకుంది. నేను కిటికీలోంచి హైవే మీద లారీలు చూశాను. పాఠమే చెప్పాను. ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు.

తర్వాత ఒక లైను దిద్ది రన్ చేసింది. తెర మీద అశ్విని అని వచ్చింది. ఒక్క పేరే. "వచ్చేసింది!" అంది, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వింది.

పూర్తి మార్కులు వేశాను. తప్పు ఎక్కడా లేదు.

సెప్టెంబర్ 27

దసరా సెలవులు ఇచ్చారు. మంచిదే.

సెప్టెంబర్ 30

మంచిదేం కాదు.

అక్టోబర్ 5, ఆదివారం

వరహాలు వచ్చింది. ఒక్కతే. మా తోడికోడలు ఈ ఇంటి గుమ్మం తొక్కి ఎన్నేళ్లయిందో. చేతిలో సంచి లేదు. ఊరి నుంచి వచ్చేవాళ్లెవరూ ఉత్తచేతులతో రారు. అప్పుడే అర్థం కావాల్సింది.

"నానొచ్చినట్టు ఆయనకి తెలదక్కా. గాజులు కొనుక్కుంటానని సెప్పి వచ్చినాను."

కాఫీ తాగలేదు. చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చేతులు జీడిగింజల పని చేసి నల్లబడి ఉన్నాయి. అమ్మ గుడికి వెళ్లడం ఎంత అదృష్టం.

"నువ్వు వద్దను అక్కా."

"ఏమిటి?"

"పిల్లని ఉంచుకోనని సెప్పు. నాను వద్దంటే ఆయన యినడు. కుళ్లు అంటాడు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వంటే యింటాడు."

ఆమే చెప్పింది, నా వైపు చూడకుండా, గోడ మీద ఉమామహేష్ ఫోటోకు చెబుతున్నట్టు.

"నీ కాడ్నించి తెచ్చినాక ఆ సలికాలం అంతా గుమ్మం కాడే కూకునీది. అమ్మెప్పుడొత్తాది, అమ్మెప్పుడొత్తాది అని అడిగీది. నన్నే అడిగీది అక్కా. కన్నదాన్ని ఎదరగుండా ఎట్టుకుని. పెద్దది నవ్వీది. మా అత్త, పేరు మార్చీసినాం కదా, అదే మర్సిపోద్ది అంది. కొత్త పేరెట్టి పిలిత్తే పలికీదే కాదు. ఎవుల్నో పిలుత్తన్నారని ఎనక్కి సూసీది."

"తర్వాత?"

"తర్వాత ఓసారి జరమొచ్చింది. కళ్లు మూసుకునే, అమ్మా నీళ్లు అంది. నన్నో నిన్నో నాకు తెలదు. నానే ఇచ్చినాను. అప్పట్నించి నాను అమ్మనయినాను." కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు నీ కాడికొత్తే మూడేళ్లు. ఆ మూడేళ్లయినాక పెళ్లి. మరి నాకెప్పుడక్కా?"

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. అలాగే చెబుతానన్నాను. మాట ఇచ్చాను.

ఇక్కడ ఎవరూ చూడరు గనక రాస్తున్నాను. ఆమె ఏడుస్తుంటే నా లోపల ఏదో లేచి గంతులు వేసింది. గుమ్మం దగ్గర కూర్చునేదట. నా కోసం. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని అడగాలనిపించింది. ఎంతసేపు కూర్చునేది, ఏ గౌను వేసుకునేది, వీధి వైపు చూసేదా? అడగలేదు. ఆమె వెళ్లాక చాలాసేపు సిగ్గుపడ్డాను. అయినా సంతోషం తగ్గలేదు.

అక్టోబర్ 6

గుమ్మం దగ్గర కూర్చునేదట.

అక్టోబర్ 8, బుధవారం

ఢిల్లీబాబుకు ఫోన్ చేశాను. అమ్మకు ఒంట్లో బాగుండటం లేదు, ఇంకో మనిషిని చూసుకోలేను, ఏమీ అనుకోకు అన్నాను.

"పర్లేదు వదినా. సొంత పిల్లయితే ఉంచుకుందువు" అన్నాడు. పెట్టేశాడు.

అమ్మ వంటింట్లోంచి గరిట పట్టుకుని వచ్చింది. "నాకేటయిందే? గుండ్రాయిలాగున్నాను! నీ అబద్దానికి నన్ను మంచాన పడీసినావేటి?"

"వద్దనమని నువ్వే కదమ్మా అన్నావు."

"అననా మరి? నాకు పేనం నీ మీదుంటాది గాని ఆ పిల్ల మీదెందుకుంటాది? అనడం నాది, యినకపోడం నీది. ఎప్పుడూ అలాగే కదేటి?" ఆగింది. నా ముఖం చూసింది. గరిట చెయ్యి దించి, "కూడు తిను" అంది.

దోమతెర విప్పి, మడతపెట్టి, కవర్లో పెట్టేశాను. గదికి గొళ్లెం వేశాను. ఎలుకలు రాకుండా.

అక్టోబర్ 13, సోమవారం

ఇవాళ టెక్కలిలో బస్సెక్కితే అశ్విని నా వెనకే ఎక్కి, దిగినవాళ్ల సీటు దొరికిందని పక్కనే కూర్చుంది. ఇన్నాళ్లూ రెండు సీట్లవతల కూర్చునేది. కోటబొమ్మాళి వైపు నుంచి వచ్చిన బస్సు, కిటకిటలాడుతోంది. ఆమె భుజం నా భుజానికి తగిలే ఉంది. కుంకుడుకాయ వాసన.

చాలా దూరం వచ్చాం. తర్వాత అంది, "నన్ను ఉంచుకోనన్నారంట కదా."

"అవును."

"మా అమ్మ వచ్చిందా?"

"లేదు."

"వచ్చింది." కోపం లేదు గొంతులో. "గాజులు కొంటానని కాశీబుగ్గ వెళ్లింది. గాజుల్లేకుండా వచ్చింది. నచ్చలేదంది. మా అమ్మకి గాజులు నచ్చకపోడం ఎప్పుడైనా జరిగిందేటి?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. ఇద్దరం కిటికీ వైపు చూసి నవ్వుకున్నాం, ఎవరికీ తెలియకూడనట్టు.

"హాస్టల్‌కి నాన్న ఒప్పుకోడు. బస్సే ఇంక" అంది. తర్వాత బ్యాగు జిప్పు లాగుతూ, వేస్తూ, మెల్లగా: "మా ఊరి బస్సు ఆరున్నరకి గాని లేదు. బస్టాండు కాంప్లెక్స్‌లో గంట కూకోవాల. మీ ఇల్లు దగ్గరే కదా. ఆ గంట మీ ఇంట్లో కూకోనా? సదువుకుంటాను. ఇంట్లో సెప్పను."

కండక్టరు కాశీబుగ్గ, కాశీబుగ్గ అని అరిచాడు. అందరూ ఒక్కసారి లేచారు. మా మధ్యకు ఎవరిదో జీడిపప్పు డబ్బా వచ్చింది. దిగాక వెతికితే జనంలో దూరంగా కనిపించింది. వెనక్కి తిరిగి, "రేపు సెప్పండి" అంది. చెయ్యి ఊపింది. నేను ఇంటికొచ్చాను.

దారంతా బస్సులో మాటల్నే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాను. ఒక్కసారి కూడా మేడం అనలేదు. మరేమీ కూడా అనలేదు.

రమ్మంటే ఆ గంట కోసం ఆ పిల్ల రోజూ వాళ్లమ్మకు అబద్ధం చెప్పాలి. నేర్పింది నేనవుతాను. వరహాలుకు మాట ఇచ్చాను. ఉంచుకోనని ఇచ్చాను, కాఫీ ఇవ్వనని ఇవ్వలేదు అని ఇప్పుడే అనుకున్నాను. అనుకోగానే ఆ తెలివి మీద అసహ్యం వేసింది. వద్దంటే పిల్ల బస్టాండులో కూర్చుంటుంది. ఇక్కడికి నడిచి వచ్చేంత దూరంలో, నా ఇంట్లో ఒక గది గొళ్లెం పెట్టి ఉండగా.

ఇన్నాళ్లూ ఆమెకు ఎంత గుర్తుందో తెలిస్తే చాలు, మిగతాది తేలిపోతుంది అనుకున్నాను. ఇప్పుడు కొంత తెలిసింది. ఏమీ తేలలేదు. ఆ గంట అడుగుతున్నది ఆమె కోసమో నా కోసమో, ఇస్తే అది ఎవరి దగ్గర నుంచి తీసి ఇచ్చినట్టో, తేల్చుకోలేకపోతున్నాను. రేపు బస్సులో అడుగుతుంది. రమ్మంటానో వద్దంటానో నాకు నిజంగా తెలియదు.